ఏజెన్సీ: కర్త ఎవరు, కర్మ ఎవరు?

ఎలమంచిలి మెయిన్ రోడ్డు మీద నడుస్తూ బోర్డులు చదివితే ఒక ఇంగ్లీషు మాట పదే పదే తగులుతుంది. గ్యాస్ ఏజెన్సీ, ఎరువుల ఏజెన్సీ, మందుల ఏజెన్సీ, పేపరు ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ. ఏ చిన్న పట్నంలోనైనా ఉండే బోర్డులే. బడికి వెళ్లనివాళ్లు కూడా ఈ మాటని తెలుగు మాటలాగే వాడతారు. ఎక్కడో తయారైన సరుకుని ఆ కంపెనీ తరఫున ఇక్కడ అమ్మే కొట్టు అని అర్థం.

అదే పట్నంలో బస్సు దిగిన ఒక కుర్రాణ్ణి చూపించి "ఆ అబ్బాయిది ఏజెన్సీ" అంటారు. వింటున్నవాళ్లెవరూ గ్యాస్ కొట్టు అనుకోరు. కొండలు, చలి, జ్వరం, సంత, అడ్డాకులు, చింతపండు, తెలియని భాష — ఇన్ని ఒక్కసారి వాళ్ల మనసులో మెదులుతాయి. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఎవరితోనైనా "మాది ఏజెన్సీ" అని ఇంగ్లీషులో చెప్పి చూడండి. "ఏ కంపెనీ?" అని అడుగుతారు. మాట ఇంగ్లీషుదే కానీ ఒక జనానికి చిరునామాగా అది మారింది మన దగ్గర. ఎలా మారింది, ఆ మార్పులో ఏం మిగిలింది, ఏం మాయమైంది అన్నదే ఈ వ్యాసం విషయం.

ముందు మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో చేయడం, నడపడం అనే అర్థం ఉన్న ధాతువు నుంచి ఇది వచ్చింది. ఏజెంటు అంటే చేసేవాడు. ఇంగ్లీషులో ఇది రెండు కొమ్మలుగా చీలింది. ఒక కొమ్మ: వేరొకరి తరఫున పని చేయడం. బీమా ఏజెంటు, ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటు, సంతలో షావుకారు పెట్టుకున్న ఏజెంటు ఈ కొమ్మవాళ్లే. రెండో కొమ్మ: మనిషి తనంతట తాను ఆలోచించి, నిర్ణయించి, చేయగలగడం. సమాజ శాస్త్రాలవాళ్లు, సాహిత్య విమర్శకులు వాడే ఏజెన్సీ ఇదే. తెలుగులో దీన్ని కర్తృత్వం అంటున్నారు. ఒకే మాటలో ఒక పక్క 'ఇంకొకరి తరఫున', ఇంకో పక్క 'నా అంతట నేను'. మన కొండలకు వచ్చి చేరింది మొదటి అర్థం. రెండోది కొండ ఎక్కలేదు.

మొదటి అర్థం కొండ ఎక్కిన సంవత్సరం 1839. అంతకు ముందు కొన్నేళ్లుగా గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో తిరుగుబాట్లు జరుగుతున్నాయి. మైదానపు కోర్టులు, మైదానపు చట్టాలు ఇక్కడ పనిచేయవని కంపెనీ ప్రభుత్వానికి అర్థమైంది. 1839లో 24వ నంబరు చట్టం చేసి ఈ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు. అధికారాలన్నీ జిల్లా కలెక్టరు చేతిలో పెట్టి, ఆయనకు 'గవర్నరు ఏజెంటు' అని హోదా ఇచ్చారు. ఏజెంటు పాలించే నేల కాబట్టి ఏజెన్సీ అయింది. అంటే ఈ పేరు కొండని చూసి పెట్టింది కాదు, చెట్టుని చూసి పెట్టింది కాదు, అక్కడున్న మనిషిని చూసి అసలే కాదు. మద్రాసులో కూర్చున్న గవర్నరు తరఫున పని చేసే అధికారిని చూసి పెట్టిన పేరు.

ఆ గీత కూడా కొండ అంచున ప్రకృతి గీసింది కాదు. మొదట్లో విజయనగరం, బొబ్బిలి జమీందారీలు సైతం ఏజెంటు కిందే ఉండేవి. 1863లో ఆ మైదాన భాగాల్ని తీసేశారు. ఈ రోజు విజయనగరంవాళ్లని ఎవరూ ఏజెన్సీ మనుషులని అనరు. కలంతో గీసిన గీత కలంతోనే జరిగింది. ఈ సంగతి గుర్తుంచుకుందాం, ముందుకు వెళ్లాక అవసరం పడుతుంది.

తర్వాత ఈ మాట చుట్టూ చట్టాలు అల్లుకున్నాయి. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం వచ్చింది. కొండజాతివాళ్ల భూమి ఏజెంటు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి అనుమతి లేకుండా బయటివాళ్లకు చేరకూడదని, అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని చెప్పింది. 1924లో ఏజెన్సీ నియమాలు వచ్చాయి. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు వచ్చినప్పుడు దానిలోనూ ఈ మాటే ఉంది: విశాఖపట్నం ఏజెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ, పశ్చిమ గోదావరి ఏజెన్సీ. 1959లో భూబదిలీ నిబంధన, దానికి 1970లో సవరణ — మనం 1/70 అని పిలుచుకునేది — వచ్చాయి. ఆ కేసుల్లో అప్పీలు వినే అధికారిని చట్టం ఇప్పటికీ 'ఏజెంట్ టు గవర్నమెంట్' అనే అంటుంది. గవర్నరు పోయాడు, ప్రభుత్వం వచ్చింది. ఏజెంటు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. చట్టంలో ఏజెంటు అనే మనిషి ఉన్నాడు. ఆయనకు పేరుంది, కుర్చీ ఉంది, బాధ్యత ఉంది. వాడుక మాటలో ఆ మనిషి మాయమై ఏజెన్సీ అనే స్థలం ఒక్కటే మిగిలింది. పత్రికల శీర్షికలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. "ఏజెన్సీని వణికిస్తున్న చలి", "ఏజెన్సీకి జ్వరం", "ఏజెన్సీలో డోలీ మోత", "ఏజెన్సీ అందాలు". ఏటా అవే నెలల్లో ఇలాంటివే వస్తాయి. బడిలో మనం నేర్చుకున్న కర్త, కర్మ, క్రియలతో వీటిని విడదీసి చూడండి. చలి వణికిస్తుంది, జ్వరం వస్తుంది, అందాలు పిలుస్తాయి. వీటిలో చేసే మనిషి కానీ, చేయాల్సి ఉండీ చేయని మనిషి కానీ లేడు.

ఎలమంచిలిలో వీధి దీపాలు వెలగకపోతే, కుళాయి నీళ్లు రాకపోతే పత్రిక ఏం రాస్తుంది? మున్సిపాలిటీ పట్టించుకోవడం లేదని రాస్తుంది. కర్త కనిపిస్తాడు. కాబట్టి ఫోను చేయొచ్చు, నిలదీయొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓడించొచ్చు. అదే కొండ మీద ఒక గర్భిణిని డోలీలో మోసుకొస్తే "ఏజెన్సీలో డోలీ మోత" అని రాస్తారు. రోడ్డు ఎప్పుడు మంజూరైంది, ఏ శాఖ దగ్గర ఆగింది, అటవీ అనుమతి ఎవరు అడగాలి అన్నవన్నీ ఏజెన్సీ అనే మాట కిందకి పోతాయి. డోలీ మోయడం ఆ స్థలం లక్షణం అన్నట్టు, అక్కడ వానలు పడ్డట్టే డోలీలు కూడా పడతాయన్నట్టు ఉంటుంది. ఊరి పేరు, శాఖ పేరు, తేదీ పెట్టి రాసే విలేకరులూ ఉన్నారు. వాళ్ల వార్తలు చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. కోపం సరైన చోటికి వెళ్తుంది.

ప్రభుత్వ పథకాల భాష కూడా ఇలాంటిదే. "ఏజెన్సీకి అంబులెన్సులు ఇచ్చాం, గిరిజనులకు పట్టాలు పంపిణీ చేశాం." మనం ఎప్పుడూ 'కి', 'కు' విభక్తుల్లో ఉంటాం. ఇచ్చేవాళ్లు కర్తలు, పుచ్చుకునేవాళ్లం మనం. అటవీ హక్కుల పట్టా దానంగా రాలేదు. 2006 చట్టం ప్రకారం గ్రామ సభ దగ్గర దరఖాస్తు పెట్టుకుని, కమిటీతో కొలిపించుకుని, సాక్ష్యాలు చూపించి సాధించుకున్నది. "గ్రామ సభ తీర్మానం చేసి పట్టాలు సాధించింది" అని రాస్తే వాక్యం మారుతుంది. వాక్యంతో పాటు ఆ ఊరు తనను తాను చూసుకునే తీరూ మారుతుంది.

మన రాతల్ని వదిలిపెట్టి పత్రికలనొక్కదాన్నే అనడం న్యాయం కాదు. మన పిల్లలు రాస్తున్న కథల్లో, కవితల్లో కూడా 'ఏజెన్సీ' అని మొదలుపెట్టి మంచు, వలిసె పూలు, థింసా అని సాగిపోయేవి చాలా కనిపిస్తున్నాయి. పర్యాటకుడు లంబసింగిలో దిగి ఫోటో తీసుకునే చోటు నుంచే మనమూ మన ఊరిని చూస్తే ఎలా? ఊరికి పేరుంది, గెడ్డకి పేరుంది, కొండకి పేరుంది. బగత, కొండదొర, కోదు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియా — ప్రతి తెగకీ తన మాటలున్నాయి. వీటన్నిటినీ ఒక్క గంపలో పోసి మూత పెట్టేస్తుంది ఏజెన్సీ అనే మాట. మన కథలోనైనా ఆ మూత తీయాలి కదా.

ఇప్పుడు ఆ గీత దగ్గరికి వద్దాం. ఎలమంచిలి పూర్తిగా మైదానం. రైలు దారి, 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న పట్నం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఇది అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పాత విశాఖ జిల్లాలో ఏజెన్సీ అని పేరున్న 11 మండలాలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఇక "కొండ అటు, మైదానం ఇటు" అని చాలామంది అనుకుంటారు. కానీ ఈ అనకాపల్లి జిల్లాలోనే గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం బయట గిరిజన గ్రామాలున్నాయి. కొండలు అవే, తెగలు అవే, పోడు అదే, డోలీ అదే. గీతకు ఇవతల ఉన్నాయి కాబట్టి వాటి పేరు 'నాన్ షెడ్యూల్డ్', వాడుకలో 'నాన్ ఏజెన్సీ'. అక్కడ 1/70 వర్తించదు. పీసా చట్టం వర్తించదు. గిరిజనుడి భూమి చేతులు మారితే ఆ నిబంధన కింద వెనక్కి తెచ్చే ఏజెంటు అక్కడ లేడు.

అంతకన్నా వింత ఇంకొకటుంది. 1950 ఉత్తర్వులోని విశాఖ ఏజెన్సీ నుంచి 1951, 1955ల్లో వచ్చిన ఉత్తర్వులతో కొన్ని గ్రామాల్ని తొలగించారు. ఆ తొలగించిన జాబితాలో మొదటి పేరు 'ఏజెన్సీ లక్ష్మీపురం'. పేరులోనే ఏజెన్సీ ఉన్న ఊరు చట్టం ప్రకారం ఏజెన్సీ కాదు! అదే జాబితాలో కృష్ణదేవిపేట కూడా ఉంది. 1922 ఆగస్టులో మన్యం తిరుగుబాటుదార్లు దాడి చేసిన పోలీసు స్టేషన్లలో ఒకటి ఆ ఊరిది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఆయన పేరు పెట్టిన జిల్లా ఒక పక్కన, ఆయన సమాధి ఇంకో జిల్లాలో, షెడ్యూల్డ్ గీతకు బయట. మాటనే నమ్ముకుని చట్టం చదవకపోతే ఏం జరుగుతుందో ఇది చెబుతుంది. "మాది ఏజెన్సీయే కదా, మా భూమికి రక్షణ ఉంటుంది" అనుకునే రైతు, నోటిఫికేషన్‌లో తన ఊరి పేరు ఉందో లేదో చూసుకోకపోతే మోసపోతాడు.

ఈ మాటకి మరో కొత్త అర్థం ఈమధ్య మన కుర్రాళ్ల జీవితంలోకి వచ్చింది. ఎలమంచిలికి దగ్గర్లో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. ఫ్యాక్టరీల్లో పనికి దిగే కొండ పిల్లల్లో చాలామందిని తీసుకునేది కంపెనీ కాదు, మ్యాన్‌పవర్ ఏజెన్సీ. ప్రభుత్వ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో కూడా అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీలే. జీతం ఆలస్యమైతే కంపెనీ "ఏజెన్సీని అడుగు" అంటుంది. ఏజెన్సీ "కంపెనీ బిల్లు ఇవ్వలేదు" అంటుంది. ఏజెన్సీలో పుట్టి, ఏజెన్సీ ద్వారా పనికి చేరి, చివరికి ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో తెలియని స్థితిలో పడతాడు మనవాడు. 1839 నాటి అర్థమే ఇది. ఇంకొకరి తరఫున పనిచేసేవాడు మధ్యలో నిలబడితే, అసలు బాధ్యుడు కనబడడు. అందుకే పనికి చేరే కుర్రాడికి మనం మొదట నేర్పాల్సిన ప్రశ్న: "నా నియామక పత్రం మీద సంతకం ఎవరిది? పీఎఫ్ ఎవరి పేరున కడుతున్నారు?" చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి. ఈ సంగతి తెలిసినవాడిని అటూ ఇటూ తిప్పడం కష్టం.

ఇదంతా విన్న కొందరు యువ మిత్రులు "అయితే ఈ బానిస మాటని వదిలేద్దాం. మన్యం అందాం, ఆదివాసీ ప్రాంతం అందాం" అంటారు. కథలో, పాటలో, మాటలో అలా అనడం మంచిదే. కానీ అర్జీలో, కోర్టులో, నోటిఫికేషన్‌లో ఆ మాటని వదిలితే నష్టం మనకే. రక్షణ ఆ మాటని పట్టుకునే వేలాడుతోంది. ఉపాధ్యాయ మిత్రులకు ఇది బాగా తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 'ఏజెన్సీ పోస్టు' అనే మాట జనం నోట్లో ఇంకా ఉంది, దాని వెనుకనున్న హక్కు కుదించుకుపోయింది. మాట ఉండి హక్కు పోవడం, హక్కు ఉండి మాట తెలియకపోవడం, రెండూ ప్రమాదమే.

ఈ కథ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఆదివాసీలను రిజర్వేషన్లలోకి తోసిన కాలంలో ప్రతి చోటా ఒక 'ఇండియన్ ఏజెంటు' ఉండేవాడు. రేషను ఆయన చేతి మీదుగానే. ఆయన ఆఫీసు ఏజెన్సీ. ఇప్పటికీ అక్కడి స్థానిక ఆఫీసుల్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పాకిస్తాన్ సరిహద్దులో ఖైబర్ ఏజెన్సీ వంటివి 2018లో జిల్లాలయ్యాయి. ఇంగ్లీషు పాలన ఎక్కడ తన మామూలు చట్టం నడవదనుకుందో అక్కడ ఒక ఏజెంటుని పెట్టి, ఆ నేలకి అతని పేరు పెట్టింది. ఎదురు తిరిగే జనం ఉన్నచోటే ఆ అవసరం పడింది.

అంటే ఏజెన్సీ అనే పేరు వెనుక మన కర్తృత్వమే ఉంది! మనవాళ్లు తమంతట తాము ఏదో చేశారు కాబట్టే ఏజెంటు వచ్చాడు. రెండో అర్థం కొండ ఎక్కలేదని ముందు అన్నాను. నిజానికి అది కొండ మీద ముందే ఉంది, పేరే లేదు. 1922–24 తిరుగుబాటులో పోరాడిన గాం గంటందొర సోదరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, 1952 మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచారు. ఒకప్పుడు ప్రభుత్వ ఏజెంటు పట్టించిన మనిషే ప్రజల తరఫున చట్టసభలో కూర్చున్నారు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులకు ఎదురు నడిచిన సమత కేసు ఇంకో ఉదాహరణ. ఆ కేసు చాలావరకు ఒక్క ఇంగ్లీషు మాట మీద నిలిచింది. గిరిజనేతర 'పర్సన్'కి భూమి బదిలీ చేయకూడదన్నప్పుడు, ఇచ్చే 'పర్సన్'లో ప్రభుత్వం కూడా వస్తుందా? వస్తుందని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. చాలా సాధారణమైన ఒక ఇంగ్లీషు మాట అర్థాన్ని గట్టిగా పట్టుకుంటే కొండ నిలబడింది.

కాబట్టి ఉపాధ్యాయులకు నా సూచన ఒకటే. తరగతిలో ఈ మాటకి ఒక్క గంట కేటాయించండి. బోర్డు మీద ఏజెన్సీ అని రాసి, పిల్లల్ని తమకు తెలిసిన అర్థాలన్నీ చెప్పమనండి. గ్యాస్ కొట్టు దగ్గర్నుంచి కలెక్టరు దాకా అన్నీ రానివ్వండి. తర్వాత ఆ రోజు పేపరులో మన ప్రాంతపు వార్త ఒకటి తీసి, ప్రతి వాక్యంలో కర్త కింద గీత గీయమనండి. కర్త లేని వాక్యానికి కర్తని వెతికి రాయమనండి. ఊరు షెడ్యూల్డ్ జాబితాలో ఉందో లేదో పెద్ద తరగతుల పిల్లలతో చూపించండి. ఇది ఇంగ్లీషు పాఠం అవుతుంది, తెలుగు వ్యాకరణం అవుతుంది, సాంఘిక శాస్త్రమూ అవుతుంది.

రాసే యువతకు కూడా అదే మాట. "ఏజెన్సీలో ఇలా జరిగింది" అని రాయబోయే ముందు ఎవరు చేశారు, ఎవరు చేయలేదు, మనం ఏం చేశాం అని మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడింటికీ జవాబు దొరికితే ఏజెన్సీ అనే మాట ఆ వాక్యంలో ఉన్నా పరవాలేదు. దొరకకపోతే ఆ మాట తీసేసి, ఊరి పేరు పెట్టి, మళ్లీ రాయండి.